నాడె పట్టిన చేయి

గద్వాల,
మంగళవారం.

తన్వీర్ గారికి నమస్కారం.

మా కుక్కకు మాట వినడం నేర్పడానికి ఇంటికి వచ్చే మిమ్మల్నే మొదట అనుమానించాను. మీరు కొట్టినందుకే వణుకుతోందని వారం రోజులు రావద్దన్నాను. అయినా వణుకు తగ్గలేదు.

మీరు లోగడ చెప్పినట్టే ఒక్కో వస్తువు పట్టుకుని కుక్క ముందు నిలబడ్డాను. చీపురు చూసినా, కర్ర చూసినా కదల్లేదు. మగ్గం మీద పోగును అటూ ఇటూ తోసే కొయ్య నాడె ఎత్తగానే మంచం కిందికి దూరింది. మా ఇంట్లో నేసేది నా కొడుకొక్కడే. అడిగితే, "దానికి పిచ్చి లేసిందమ్మా, యాడనన్న ఇడిసి రా" అన్నాడు.

శుక్రవారం వాడు చీరలివ్వడానికి సేటు దగ్గరికి పోతాడు. అప్పుడు రండి.

ఇంకొకటి ఎవరితో చెప్పాలో తెలియక మీకే రాస్తున్నాను. నేను నాడె ఎత్తినప్పుడు, పక్కనే రొట్టెలకు పిండి తడుపుతున్న మా కోడలు జయశ్రీ కూడా ఆ పిండి చేతులతోనే మొహం కప్పుకుంది.