కానివాటిలో నాలుగోది

సెప్టెంబర్ 21, ఆదివారం. ఉదయం

దీపికకు దసరా సెలవులు ఇచ్చారు. గురుకులం నుంచి ఒక ట్రంకు పెట్టె, రెండు నెలల మాసిన బట్టలు, ఒక హాలిడే హోంవర్కు తెచ్చింది. ఇంగ్లీషులో విష్ లిస్ట్ రాయాలట. చిన్న కోరికలు నాలుగు, అస్సలు తీరనివి నాలుగు. దానిది పది నిమిషాల్లో అయిపోయింది. ఇప్పుడు నన్ను కూడా రాయమని ఈ నోట్‌బుక్ చేతిలో పెట్టింది. బస్సులో ఎనభై మందిని దబాయిస్తాను. ఇంట్లో తొమ్మిదో తరగతి కూతురి ముందు నా మాట చెల్లదు.

సరే, చిన్నవి. ఒకటి, టీ గ్లాసు అడుగు దాకా వేడిగా తాగాలి. సగంలో ఉండగా రాజలింగన్న బండి స్టార్ట్ చేయకూడదు. ఆయన మా డ్రైవరు, మంచివాడే. కానీ టీ అలవాటు లేని మనిషికి ఇంకొకరి టీ బాధ ఏం తెలుస్తుంది? రెండు, నా బస్సులోనే కిటికీ పక్కన, చేతిలో టికెట్ మెషిన్ లేకుండా, మంచిర్యాల నుంచి చెన్నూరు దాకా కూర్చోవాలి. మూడు, దీపిక జడ వరుసగా మూడు రోజులు నేనే వేయాలి. నాలుగు, దిగేటప్పుడు ఒక్కరైనా నాకు పోయొస్తనని చెప్పాలి.

ఇక కానివి. ఒకటి, దసరా నాడు పాలపిట్ట కనబడాలి. ఫ్లెక్సీ మీద కాదు, ఎగురుతూ. రెండు, ప్రేమ్‌సాగర్ మా సందు మలుపులో రెండు చిన్న హారన్లు కొట్టాలి. నోట్‌బుక్ కొత్తది, దానికి తెలియదు కాబట్టి చెప్పాలి. ప్రేమ్‌సాగర్ నా మొగుడు, ఇదే డిపోలో డ్రైవరు. పోయి ఐదేళ్లు. ఆయన పోయాకే నాకు ఈ కండక్టర్ ఉద్యోగం వచ్చింది. మూడు, మా అవ్వ, నన్ను కన్నతల్లి, నా బస్సెక్కాలి.

నాలుగు అని వేసి పెన్ను ఆపాను. ఏంటమ్మా అదని దీపిక అడిగింది. ఆలోచిస్తున్నానని చెప్పాను. ఆలోచించడానికి ఏమీ లేదు. రాయడానికి సిగ్గుగా ఉంది, అంతే.

సెప్టెంబర్ 22, సోమవారం. మధ్యాహ్నం 1.20, చెన్నూరు బస్టాండు

అవ్వ ఫోన్ చేసింది. సద్దుల బతుకమ్మకు, అదే పండగ చివరి రోజుకు, వస్తావా అని. లీవ్ ఇవ్వలేదని చెప్పాను. ఏటా ఇదే ప్రశ్న, ఇదే జవాబు. పాపం మా డిపో వాళ్లు ఏ తప్పూ చేయకుండానే మా అవ్వ దగ్గర చెడ్డవాళ్లయిపోయారు.

అవ్వ ఇల్లు ఇక్కడికి పది నిమిషాల నడక. పొద్దుటి ట్రిప్పుకు కూర డబ్బా తెచ్చి కిటికీలోంచి అందిస్తుంది. మెట్టు మీద మాత్రం కాలు పెట్టదు. ఆ తోపులాటలో బిడ్డ నలగడం చూడలేనంటుంది. వేరే వాళ్ల బస్సయితే సుబ్బరంగా ఎక్కుతుంది. ఆ కండక్టర్లు ఎవరి బిడ్డలో!

సెప్టెంబర్ 24, బుధవారం. సాయంత్రం

బస్సు నిండా పూలే. గునుగు, తంగేడు, బంతి. సంచులు, గంపలు, చివరికి బకెట్లు. పుట్టింటికి పోయేవాళ్లు, బిడ్డను తెచ్చుకునేవాళ్లు. ఆడవాళ్లకు ఫ్రీ కదా, అందరికీ జీరో టికెట్లు కొట్టి కొట్టి బొటనవేలు నొప్పి పుట్టింది. ఒకామె గంప నా భుజం మీద ఆనించి నిద్రపోయింది. దిగాక చూసుకుంటే జడలో గునుగు పువ్వు. తీసేయబుద్ధి కాలేదు.

రాసేస్తాను. లీవ్ ఇవ్వలేదన్నది అబద్ధం. నేను అడగలేదు. మూడేళ్లుగా సద్దుల రోజు డ్యూటీ వేయమని నేనే చెప్పి వేయించుకుంటున్నాను.

నాలుగేళ్ల కింద, ప్రేమ్‌సాగర్ పోయిన మరుసటి ఏడు, అవ్వ దగ్గరికి సద్దులకు పోయాను. గోదారిలో బతుకమ్మలను వదిలాక ఆడవాళ్లు గౌరమ్మ పసుపు, సత్తుపిండి ఒకరికొకరు ఇచ్చుకుంటారు. ఇచ్చే మనిషి ఇస్తినమ్మ వాయినం అంటుంది. తీసుకునే మనిషి కొంగు పట్టి పుచ్చుకుంటినమ్మ వాయినం అంటుంది. చిన్నప్పుడు ఆ మాటలు అనడం కోసమే వెంటబడి పోయేదాన్ని. ఆ రోజూ పళ్లెం పట్టుకొని వరుసలో నిలబడ్డాను. అలవాటు. అవ్వ వచ్చింది, చెయ్యి పట్టి గుంజింది. దూరంగా తీసుకుపోయి గట్టు మీద తన పక్కన కూర్చోబెట్టింది. బాపు, మా నాన్న, పోయినప్పటి నుంచి ఆమె కూర్చునే చోటు అది.

వేరే ఎవరు గుంజినా కొట్లాడేదాన్ని. అవ్వ గుంజింది. అవ్వతో ఎట్లా కొట్లాడాలో నాకు రాదు.

కానివాటిలో నాలుగోది: ఒక్కరు, ఒక్కసారి, నాకు వాయినం ఇవ్వాలి.

సెప్టెంబర్ 26, శుక్రవారం

అలిగిన బతుకమ్మ. ఇవాళ పూలు పేర్చరు, ఆడరు. ఆమెది ఒక్క రోజు అలక.

సెప్టెంబర్ 27, శనివారం. మధ్యాహ్నం 3.40, డిపో

కొంప మునిగింది.

పొద్దున నేను ట్రిప్పులో ఉండగా అవ్వ డిపోకు వచ్చిందట. చెన్నూరు నుంచి ఇంత దూరం ఒక్కతే, వేరే బస్సులో. సరాసరి కంట్రోలర్ దగ్గరికి పోయి దండం పెట్టిందట. నా బిడ్డకు జర ఒక్కరోజు లీవియ్యుండ్రి సారూ, మూడేండ్ల సంది సద్దులకు రాలే అని. ఆయన ముందు పరేషాన్ అయ్యాడట. తర్వాత చార్టు తీసి చూపించాడట. లీవ్ ఎవరూ అడగలేదమ్మా, మీ రేవతే ఏటా డ్యూటీ కావాలని రాయించుకుంటుంది అన్నాడట.

ఇదంతా రాజలింగన్న చెప్పాడు. అవ్వ ఏమందని అడిగాను. కొంగు సర్దుకొని, మంచినీళ్లు తాగి, తర్వాతి బస్సుకు వెళ్లిపోయిందట. నా కోసం ఆగలేదు.

రాజలింగన్న బండి స్టార్ట్ చేయలేదు. ఇవాళ టీ అడుగు దాకా తాగనిచ్చాడు. ఎందుకో అది తాగుతుంటేనే ఏడుపొచ్చింది.

సెప్టెంబర్ 28, ఆదివారం

అవ్వ ఫోన్ ఎత్తడం లేదు. దీపికను పొద్దుటి ట్రిప్పులో అమ్మమ్మ దగ్గర దింపాను. జడ నేనే వేశాను, రెండో రోజు. మూడో రోజు ఇక ఉండదు. సాయంత్రం ఫోన్‌లో చెప్పింది, అమ్మమ్మ ఎవరితోనూ మాట్లాడడం లేదట. పూలు తెంపుతుందట, నువ్వులు వేయిస్తుందట. మీ అమ్మ బస్సు రెండు గంటలదేనా అని మాత్రం రెండుసార్లు అడిగిందట.

సెప్టెంబర్ 29, సోమవారం

కూర డబ్బా రాలేదు.

సెప్టెంబర్ 30, మంగళవారం. సద్దుల బతుకమ్మ. సాయంత్రం 6 గంటలు

మరిచిపోకముందే రాస్తాను.

రెండు గంటల ట్రిప్పు. చెన్నూరు బస్టాండులో జనం విరగబడ్డారు. కడ్డీకి ఆనుకొని టికెట్లు కొడుతున్నాను. ఆధార్ చూపించండి, ఆధార్ చూపించండి అంటూ తల ఎత్తకుండానే పోతున్నాను. ఎవరి చేతిలోనో ఆధార్ కార్డు, దాని వెనక గాజులు లేని మణికట్టు. ఆ మణికట్టు మీద పచ్చబొట్టు నాకు తెలుసు.

అవ్వ. కొత్త చీర కట్టింది. చంకలో స్టీలు డబ్బా.

ఎక్కడికి అని అడిగాను. నోట్లోంచి వచ్చేసింది, రోజంతా అదే అడుగుతాను కదా. నీ బస్సు యాడికి పోతే గాడికి అంది. టికెట్ అవసరం లేదులే అన్నాను. ఒప్పుకోలేదు. అందరిలెక్కనే నాది సూడు అని కార్డు నా మొహం ముందు పెట్టింది. చూశాను. దాసరి సమ్మవ్వ, ఫోటోలో కోపంగా ఉంది. టికెట్ కొట్టి ఇచ్చాను.

అవ్వ చేత్తో తీసుకోలేదు. కొంగు రెండు చేతులా చాపి పట్టింది. అంత మందిలో, అంత గోలలో, గట్టిగానే అంది.

"పుచ్చుకుంటినమ్మ వాయినం."

బాపు పోయి ఇరవై రెండేళ్లు. ఇన్నేళ్లలో ఆమె నోట ఆ మాట నేను వినలేదు. టికెట్ కొంగులో పడింది. ముడి వేసుకుంది. తర్వాత డబ్బా మూత తీసింది. నువ్వుల సత్తు, దాని మీద మోదుగాకులో పసుపు గౌరమ్మ. చుట్టూ ఉన్న ఆడవాళ్లు చూస్తున్నారని నాకు తెలుసు. అవ్వకు కూడా తెలుసు.

"ఆ దినం వాళ్ల చెయ్యి నిన్ను దాటిపోతే సూడలేక, ముందే నేను గుంజిన బిడ్డా. నేనే దాటేసిన అని నాకు తెల్వలే." అంతే అంది. తర్వాత డబ్బా ముందుకు చాపింది. "ఇస్తినమ్మ వాయినం."

నాకు కొంగు ఎక్కడిది? ఖాకీ చొక్కా వేసుకున్నాను. మెషిన్ భుజాన వేసుకొని, చొక్కా అంచు రెండు చేతులా పట్టాను. అనాల్సిన మాట నాకు వచ్చు. చిన్నప్పటి నుంచీ వచ్చు. అన్నాను.

ముందు నుంచి రాజలింగన్న రైట్ చెప్పమంటున్నాడు. నేను ఇంకా చొక్కా అంచు పట్టుకునే ఉన్నాను. అవ్వే చెప్పింది, రైట్ రైట్ పోనియ్యి కొడుకా అని. బస్సంతా నవ్వింది. వెనక సీటు ముసలామె నాకూ జరంత పెట్టు బిడ్డా అని చెయ్యి చాపింది. గౌరమ్మ పసుపు కూడా అడిగి తీసుకుంది. ఆమె మెడలో పుస్తెలు ఉన్నాయో లేదో నేను చూడలేదు.

అవ్వ మంచిర్యాల దాకా వచ్చి, సాయంత్రం బతుకమ్మ ఆట అందుకోవాలని అదే బస్సులో తిరిగి పోయింది. నిలబడే పోయింది, సీటిస్తే కూర్చోలేదు. నేను నిలబడితే తనూ నిలబడుతుందట. మొండిది. చెన్నూరులో దిగుతూ మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగింది.

పోయొస్త బిడ్డా అంది.

అక్టోబర్ 2, గురువారం. దసరా

పాలపిట్ట కనబడలేదు. సందు మలుపులో హారన్ ఎవరూ కొట్టలేదు.

పొద్దున్నే అవ్వ ఫోన్. చీర ఉతికిందట. కొంగు ముడి విప్పడం మరిచిపోయిందట. టికెట్ మీద అక్షరాలన్నీ పోయాయట. ఇంకొకటి కావాలట.

రేపు రెండు గంటల బస్సుకు వస్తుంది.