నాలుగు మూలలా పసుపు

సరోజన వదినకు,

నమస్కారం. ఫోన్‌లో మీరు మాట్లాడుతుంటే నాకు సందు దొరకదు. ఈ సంగతి చెప్పకుండా ఉండలేక ఇన్నేళ్ళకు కలం పట్టాను.

మా ఊరు నాకో కవరు పంపింది. కాలేజీ పిల్లలకు హాస్టల్ కట్టడానికి బాండ్ల మీద అప్పు తేవచ్చా, వద్దా అని ఊరందరినీ అడుగుతున్నారు. గడిలో గుర్తు పెట్టి పోస్ట్ చేయాలట. వదినా, మా ఇంట్లో కర్టెన్ల రంగు కూడా నన్నెవరూ అడగలేదు. ఊరు అడిగింది! కవరు దేవుడి దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకున్నాను.

ఇక్కడి మీ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండే భవిత గుడిలో కనబడింది. ఏడుగురు వంతులేసుకుని పడుకుంటున్నారట. హాస్టలొస్తే ఆ పిల్లలు కంటినిండా నిద్రపోతారు.

మీ ఆడపడుచు,
శాంత

తా.క. శుభలేఖకే పసుపు పెడతాం కదా! ఈ ఓటు కాగితానికీ నాలుగు మూలలా పెట్టాను. ఆరాక పోస్ట్ చేస్తాను.

*

శాంతకు,

ఆశీస్సులు. ఏడుగురేమిటి? నేను అద్దెకిచ్చింది ముగ్గురికి! ఆదివారం వచ్చి చూస్తాను. మిగతా నలుగురూ ఆ పూటే సామాను సర్దుకోవాలి.

ఆ ఊళ్ళో ఇల్లుంది కాబట్టి హామిల్టన్‌లో ఉన్న మాకూ కవర్లు వచ్చాయి. హాస్టలొస్తే మా బేస్‌మెంట్‌లోకి ఎవరొస్తారు? మీ అన్నయ్యా నేనూ 'వద్దు'కే గుర్తు పెట్టాం. సోమవారం పోస్ట్ చేస్తాం.

మీ వదిన,
సరోజన

తా.క. పసుపు మాట బాగుంది. మేమూ పెట్టాం. దేవుడు మా వైపు కూడా చూడాలి కదా.

*

వదినా,

కొంప మునిగింది. పోస్టులో ఎక్కడ పోతుందోనని నేనే తీసుకెళ్తే, టౌన్ ఆఫీసులో ధాత్రి అనే అమ్మాయి నా కాగితం చూసి, "ఆంటీ, సో బ్యూటిఫుల్! కానీ ఇది చెల్లదు," అంది. గుర్తు తప్ప ఇంకే మరకున్నా ఓటు పోతుందట. కొత్త కాగితం ఇచ్చింది.

అంటే మీ రెండూ చెల్లవు. చెప్పకపోతే పిల్లలకే మేలు. దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నాను. ఊరు నన్ను నమ్మి అడిగింది, నేను మిమ్మల్ని మోసం చేయలేను. ఫోన్ చేస్తే "నీ ఓటు పురాణం వద్దు" అని పెట్టేశారు. అందుకే రాస్తున్నాను, మీరూ కొత్తవి తెచ్చుకోండి.

పిల్లల్ని మాత్రం పంపేయకండి. నోరు జారింది నేను.

శాంత

తా.క. ఎక్స్‌ప్రెస్‌లో అయితే రేపే అందుతుందన్నారు. మామూలు స్టాంపు అంటించాను. ఇది పాపం కిందికి వస్తుందా?

*

శాంతా,

నీ మామూలు స్టాంపు శనివారమే వచ్చింది. దేవుడికి తొందరెక్కువ.

ఆదివారం మీ అన్నయ్యని కార్లో ఉంచి నేనే కిందికి దిగాను. మూడు పరుపులు, ఏడు టూత్‌బ్రష్‌లు. గోడ మీద ఎవరెప్పుడు పడుకోవాలో పట్టిక. దాని అడుగున ఎర్రగా, "ఓనర్ ఆంటీ వస్తే నలుగురు పార్కుకి" అని రాసుంది. ఎదురుగా పార్కులో, ఆ చలిలో, నలుగురూ దుప్పట్లు కప్పుకుని ఉయ్యాలల మీద చదువుకుంటున్నారు.

"ఎంతసేపుంటారే అక్కడ?" అన్నాను.

"మీరు వెళ్ళేదాకా ఆంటీ," అంది భవిత.

వెంటనే బయల్దేరాను. వాళ్ళనెవరూ పంపరు.

సోమవారం మీ టౌన్ ఆఫీసుకొచ్చి కొత్త కాగితం తీసుకుని 'అవును'కి గుర్తు పెట్టాను. ఒక్క ఓటుతో నెగ్గిందని నువ్వు ఫోన్‌లో ఏడుస్తుంటే, మొదటిసారి నోరు మూసుకుని విన్నాను.

సరోజన

తా.క. మీ అన్నయ్య కాగితం పసుపుతోనే పోస్ట్ చేశాను. చెప్దామని రెండుసార్లు నోరు తెరిచాను, ఆయన టీవీ సౌండు పెంచారు. ఈ ఉత్తరాలు దేవుడి దగ్గర దాచు. ఎవ్వరికీ చూపించకు, దేవుడికి తప్ప.