పసుపు మడిలో ఎర్ర వరస

ఏమయ్యా,

ఉగాది పచ్చడి నీ ఫోటో ముందు పెట్టి, మర్నాడే మీ అక్క సరోజ వదినతో కశ్మీర్ బయల్దేరాను. మగ్గం పక్క గోడకి నువ్వు అంటించుకున్న క్యాలెండర్ బొమ్మలోని పూలతోట చూసొచ్చాను. వసంతంలో కొన్నాళ్లే తెరుస్తారట. మంచుకొండల కింద జాతరలా జనం.

ఒక పెద్ద మడి నిండా పసుపు పూలు, నడుమ ఒక్క వరస మాత్రం ఎరుపు. చూడగానే నోటికొచ్చేసింది.

"వదినా, నాడెలో పొరపాటున ఎర్ర నూలు కండె పడ్డది చూడు."

వదిన నవ్వి తోటమాలిని హిందీలో అడిగింది. కావాలనే అలా నాటామనీ, అందరూ అక్కడే ఫోటోలు దిగుతారనీ చెప్పాడు.

"మా తమ్ముడు గూడ గట్లనే నేసిండు గదనే," అంది వదిన. "ఉత్తగనే సిగ్గుపడె."

పసుపు పూల మధ్య ఎర్ర వరస పడిందని సరుకు కొనే షేట్ తిప్పి పంపిన నీ చద్దరు గుర్తుందా? చుట్టాల కంట పడకూడదని పెట్టె అడుగున దాచావు. నిన్న దాజీ పేట్‌లో మన ఇల్లు చేరగానే దాన్ని తీసి, ముందు గదిలో మంచం మీద పరిచాను. ఇక ఎవరొచ్చినా తీయను. వద్దనడానికి నువ్వు లేవుగా.