ఇతరములు అనే మాను

ముదిగుబ్బ
9 నవంబరు 2025, ఆదివారం

చిరంజీవి హేమకు,

జేజి ఆశీస్సులు. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ వేళకు తింటూ కులాసాగా ఉన్నావని నమ్ముతాను. నిన్న ఫోనులో నువ్వు అంత సంతోషంగా కేకలు పెడుతుంటే నేను చెప్పవలసిన మాట చెప్పకుండానే ఫోను పెట్టేశాను. మీ నాయన ఈ సాయంత్రం హైదరాబాదు బస్సెక్కుతున్నాడు. అందుకే ఉత్తరం రాసి అతని చేతికిస్తున్నాను. బుధవారం నీ పరిశోధన యూనివర్సిటీ పెద్దల ముందు చూపించేలోపు దీన్ని చివరిదాకా చదువు.

ముందు నీ పోయిన ఉత్తరానికి జవాబులు. నా మోకాలు నయం. వాన రెండుసార్లు వచ్చింది, ఒకటే పనికొచ్చింది. నువ్వు పంపిన స్వెటరు వేసుకుంటున్నాను, దాని రంగు గురించి మాట్లాడను.

నీ చదువు నాకు అర్థమైందా అని అడిగావు. ఇలా అర్థమైంది, తప్పైతే దిద్దు. కొన్ని వెబ్‌సైట్లు అడిగితే గానీ సరుకు బయటపెట్టని కొట్టువాడిలాంటివి. గడుల్లో ఊరి పేరు, సరుకు పేరు నింపి నొక్కితేనే పేజీ తెరుచుకుంటుంది. మామూలుగా వెతికేవారికి అది కనిపించదు. నీ ప్రోగ్రాము ఆ గడులను తానే నింపి, వచ్చినదంతా చదివి, ఏది దేనిలో రకమో ఎవరూ చెప్పకుండానే ఒక చెట్టుగా గీస్తుంది. దాన్ని మీరు ఆంటాలజీ అంటారు.

రైతు సంఘాల సరుకులు, ధరల సైటు చదివి అది గీసిన మొదటి చెట్టు, నువ్వు ఉత్తరంతో పంపినది, చూసి నాకు నవ్వాగలేదు. అన్నిటికంటే లావు కొమ్మ పేరు ‘ఇతరములు’. కొర్రలు, ఉలవలు, ఆముదాలు, చింతపండు, అన్నీ దాని పిల్లలే. మన దగ్గర వీటిని నిజంగా ఒకే జాతిగా చూస్తారా అని రాశావు. లేదమ్మా. అది మన సంఘం కొండప్ప పని అని అప్పట్లోనే ఫోనులో రెండు మాటల్లో చెప్పాను. మొత్తం కథ ఇది.

నీ చెట్టు పట్టుకుని గుట్టకింది రైతు సంఘానికి పోయాను. అక్కడ సరుకుల వివరాలు కంప్యూటర్లో ఆ సైటుకు ఎక్కించేది కొండప్ప. నా దగ్గర ఏడో తరగతి చదివినవాడే.

“ఏమప్పా, కొర్రలు ఇతరములు ఎట్లయినాయి?” అన్నాను.

“టీచరమ్మా, ఈ పట్టీలో ఎన్ని పేర్లుండాయో చూడు. కొర్రల కాడికి దిగేలోపల నెట్టు పోతాది. ఇతరములు పైనే ఉండాది. అది నొక్కి, పక్కన కొర్రలని రాస్తాండా. తప్పేముండాది?”

మూలన బస్తాల మీద కూర్చున్న ఆదెప్ప అందుకున్నాడు. ఆ బస్తాలు అతని కొర్రలే, కోతలయినప్పటి నుంచీ కొనేవాడు లేక పడి ఉన్నాయి.

“తప్పేముండాదా? హిందూపురం సేటు ఆ సైటులో కొర్రలని వెతికితే మన కాడ గింజ గూడా లేదని చూపించినాదంట. మరి నేను కూచుండేది దేని మీద రా, ఇసక మీదనా?”

“ఇతరముల మీద కూచున్నావు మామా,” అన్నాడు కొండప్ప.

నేనూ నవ్వాను. తర్వాత ఇద్దరినీ కసిరాను.

ఇక నీకు తెలియనిది. మరునాటి నుంచి కొండప్ప పక్కన కుర్చీ వేసుకున్నాను. నేను చదివాను, అతను పట్టీలో వెతికి, చిరుధాన్యాల కింద కొర్రలు అన్నట్టు, సరైన పేరు నొక్కాడు. కొత్త సరుకే కాదు, ఈ పంటకాలంలో ఎక్కించినదంతా తిరగదోడి దిద్దించాను. చుట్టుపక్కల సంఘాలకు ఫోన్లు చేసి వాళ్ల చేతా చేయించాను. సేటు లారీ పంపాడు. ఆదెప్ప మూల ఖాళీ అయింది, కూర్చోవడానికి చోటు లేదని ఇప్పుడు గొణుగుతున్నాడు. ఆ రోజుల్లో నీ చెట్టు సంగతి నేను తలచుకోనేలేదు.

నిన్న నువ్వేమన్నావు? “జేజీ, నా ప్రోగ్రాము తనంతట తానే నేర్చుకునింది! కొర్రలు చిరుధాన్యాల కొమ్మకు పోయినాయి. నేను చెయ్యి పెట్టనేలేదు. గైడు సారు ఇదే చూపించమన్నారు!”

నువ్వు చెయ్యి పెట్టలేదు. నేను పెట్టాను. పరీక్షలో చీటీలు అందించారని ఎందరో పిల్లలను బయటికి పంపినదాన్ని, నా మనవరాలి యంత్రానికి జవాబులు నేనే అందించాను. ఆ దిద్దుబాటు తప్పని అనను, మళ్లీ అయినా చేస్తాను. కానీ దాన్ని యంత్రం తెలివి అని బుధవారం నువ్వు చెబితే అబద్ధమవుతుంది. తెలియక చెబితే నీ తప్పు కాదు. ఇప్పుడు నీకు తెలిసింది. నీ మూడేళ్ల శ్రమ వృథా అవుతుందేమోనని నిన్న ఫోనులో చెప్పలేదు.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకో. ఆ మొదటి చెట్టు తప్పు చెట్టు కాదు. మేము రాసింది రాసినట్టు గీసింది. మా కొర్రలు ఎక్కడ దాగాయో మాకే చూపించింది. మార్కులు నేను వేసేదాన్నయితే దానికే ఎక్కువ వేస్తాను.

ఇక జరగవలసినవి:

1. ఉత్తరం చదివిన రోజే మీ గైడు గారికి ఉన్నదున్నట్టు చెప్పు. బుధవారం దాకా ఆగవద్దు.

2. రెండు చెట్లూ చూపించు, మేము దిద్దకముందుది, దిద్దిన తర్వాతది. ఏ సంఘంలో ఏ రోజు ఏవి మార్చామో కాగితం జత చేశాను.

3. మా చెయ్యి పడని వేరే జిల్లా వివరాల మీద ప్రోగ్రామును మళ్లీ నడుపు. అక్కడా ‘ఇతరములు’ మొలిస్తే చెరపకు. ఎందుకు మొలిచిందో ఆ ఊరివాళ్లను అడుగు.

4. ఇంకో ఆరు నెలలు చదవమంటే చదువు. పెళ్లిచూపులంటూ తొందరపడే మీ నాయనతో నేను ముందే మాట్లాడాను. ఉత్తరం ఇచ్చేటప్పుడు అతని ముఖం చూస్తే నీకే తెలుస్తుంది.

5. మంగళవారం రాత్రి బస్సుకు నేనూ వస్తున్నాను. చీటీలు అందించిన పెద్దలను నా గది బయట బల్ల మీద కూర్చోబెట్టడం నాకు అలవాటు. బుధవారం మీ గైడు గారి గది బయట బల్ల మీద నేను కూర్చుంటాను. పిలిస్తే లోపలికి వచ్చి జవాబు చెబుతాను.

ఇట్లు,
నీ మేలు కోరే
జేజి