ఆరో తీగ

3 నవంబర్ 2017, శుక్రవారం

మా ఆయన చదివింది ఉర్దూ మీడియం. తెలుగు మాట్లాడతాడే గానీ చదవలేడు. కాబట్టి ఈ డైరీని ఫ్రిజ్ మీద పెట్టినా నాకు భయం లేదు.

ఆయన కంపెనీ, ఇన్ని ఉద్యోగాలు సౌదీలకే ఇవ్వాలనే నితాఖత్‌లో రెడ్‌లో పడింది. సౌదీలు సరిపడా లేరట. ఇక్కడ ఉండనిచ్చే ఇకామా ఇక ఎవరికీ రెన్యూ కాదు. మాది జనవరి ఇరవైకి అయిపోతుంది. ఆ లోపల పనిచ్చి ఇకామా చేయించే ఇంకో కఫీల్ దొరికితే రియాద్‌లో ఉంటాం, లేకపోతే ఎగ్జిట్ కొట్టించుకుని ప్రొద్దుటూరు పోతాం. పాప ఇక్కడ నాలుగో క్లాసు. నాకు పోవాలని లేదు. ఈ ముక్క రాయడానికే ఇవాళ డైరీ తీశాను.

ఒకాయన దొరికేలా ఉన్నాడు. అబూ తుర్కీ అని, మెయింటెనెన్స్ కంపెనీ ఓనరు. కొత్త ఇల్లు కట్టుకుంటున్నాడు. ముందు ఆ ఇంట్లో ఏసీ, హీటింగ్ థర్మోస్టాట్లకు వైరింగ్ చెయ్యి, పని నచ్చితే నా కంపెనీలోకి ట్రాన్స్‌ఫర్ రిక్వెస్ట్ పెడతా అన్నాడట.

5 నవంబర్

సాంపిల్ వైరు ముక్కలు తెచ్చి దస్తర్‌ఖాన్ మీద పరిచాడు. అన్నం గిన్నె పెట్టడానికి చోటు లేదు. రెండు తీగలది, ఐదు తీగలది, ఎనిమిది తీగలది. ఒక్కొక్కదాని కొసన తోలు తీసి, వంచి, బ్లేడుతో గీకి చూశాడు. ఒకదానికి పైన రాగి పూత, లోపల తెల్లగా అల్యూమినియం. దాన్ని గాజులు చేసుకోమని పాపకిచ్చేశాడు. ఏది అసలు రాగో చెప్పు ఆరిఫా అన్నాడు. బంగారమైతే చెప్పేదాన్ని అన్నాను.

థర్మోస్టాట్ అంటే గోడ మీది చిన్న డబ్బా. అక్కడి నుంచి మిషన్‌కు కబురు మోసేది ఈ వైరే. ఒక తీగ కరెంటు తెస్తుంది, ఒకటి వెనక్కి తీసుకుపోతుంది, ఒకటి ఫ్యానుకు, ఒకటి చల్లదనానికి, ఒకటి వేడికి. గోడలోకి పొయ్యే వైరు ఒగసారి పోతే మళ్ల మన చేతిలో ఉండదు, ముందే బాగా సూస్కోవల్ల అన్నాడు. పెళ్లిచూపుల్లో నన్ను ఇంతసేపు చూడలేదు.

6 నవంబర్

ఐదు తీగల వైరు ఖాయం. అసలు రాగి.

18 నవంబర్

వైర్లు లాగడం అయిపోయింది. గోడలు మూసి రంగు కూడా వేశారు. నిన్న నన్నూ పాపనూ తీసుకెళ్లి చూపించాడు. చూడ్డానికి ఏముంది, గోడలు. అయినా ఇక్కడ మొదలైతాది, ఆ మూల తిరుగుతాది, ఇట్ల దిగుతాది అని వేలితో చూపిస్తుంటే, గోడ లోపలిదంతా ఆయనకు కనిపిస్తోందని నమ్మాను. గర్వంగా అనిపించింది. అబూ తుర్కీ కూడా గోడ మీద చెయ్యి వేసి మాషా అల్లా అన్నాడు. మిషన్లు వచ్చి నడిచాయంటే ఆ వారమే రిక్వెస్ట్ పెడతానన్నాడు.

10 డిసెంబర్, సాయంత్రం మగ్రిబ్ నమాజు తర్వాత

మిషన్లు వచ్చాయి. మా ఆయన ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా కూర్చున్నాడు.

అబూ తుర్కీ తల్లి గదికి వచ్చిన మిషన్ వేరేది. ముసలామెకు మోకాళ్ల నొప్పులు, చలి పడదు. అందుకని ఆ ఒక్క గదికి అదనంగా హీటర్ ఉన్నది తెప్పించారు. ఆ సంగతి మొదట్లోనే చెప్పారట. ఈయన విన్నాడు కూడా. కానీ ఇన్నేళ్లూ ఈ ఎండల్లో ఏసీలు బిగించిన చెయ్యి, అలవాటు కొద్దీ మామూలు ఏసీకి సరిపోయే లెక్కే వేసింది. ఆ హీటర్‌కు ఆరో తీగ కావాలి. గోడలో ఉన్నవి ఐదు.

ఎవరికైనా తెలుస్తుందా అని అడిగాను. తెలియదట. మామూలు వేడి ఎలాగూ వస్తుంది, హీటర్ మాత్రం ఊరికే పడి ఉంటుంది. చలి బాగా ముదిరినప్పుడు గది వేడెక్కదు, అప్పుడు వాళ్లు మిషన్‌ను తిట్టుకుంటారు.

అయితే గమ్మున ఉండు అన్నాను. ఈ వారం రిక్వెస్ట్ పడనీ, ఇకామా చేతికి రానీ, తర్వాత నిదానంగా చెప్పు, రియాద్‌లో చలి ఎన్నాళ్లు గనక అన్నాను. నేను అడిగింది అన్యాయమని ఇప్పుడు కూడా అనుకోవడం లేదు. నాకూ ఒక బిడ్డ ఉంది.

మన పని అయినంక చెప్తే అది చెప్పినట్ల కాదు, ఆ ముసలామె తెల్లారకముందే ఫజర్‌కు లేసి తడి చేతులతో ఆ గదిలోకే వచ్చి నమాజు చేస్తాది అన్నాడు.

11 డిసెంబర్

మాట్లాడుకోలేదు. దోసెలు మాత్రం పోశాను.

12 డిసెంబర్

చెప్పేశాడు.

అబూ తుర్కీ విని, కొత్తగా రంగు వేసిన గోడ మీద చెయ్యి వేశాడట. పగలగొట్టాలా అని అడిగాడట. పాత వైరుతోనే కొత్తది లాగి చూస్తా, ఎక్కడైనా పట్టేస్తే పగలగొట్టాల్సిందే అన్నాడట ఈయన. నీ పని చూసి తీసుకుందామనుకున్నాను, నీ పని ఇదా, ఇంటికి పో, నేనే ఫోన్ చేస్తా అన్నాడట ఆయన.

తప్పు ఎవరి మీదైనా నెట్టొచ్చు. ప్లాస్టర్ వాళ్లున్నారు, మిషన్ తెచ్చినవాళ్లున్నారు. ఈయనకు ఆ ఆలోచనే రాలేదు. నాకు కోపం పోలేదు. కానీ అన్నం పెట్టేటప్పుడు మంచి ముక్కలన్నీ ఈయన ప్లేట్లోనే వేశాను.

19 డిసెంబర్

ఫోన్ లేదు. పక్క ఫ్లాట్ సుగ్రా ఆపా వాళ్లు మనిషికింత అని కట్టాల్సిన ఫ్యామిలీ లెవీ మోయలేక ఎగ్జిట్‌లో పోతున్నారు. పెద్ద కుక్కర్ నువ్వు తీసుకో అంది. వద్దన్నాను. మేమూ ఎవరికో ఒకరికి ఇచ్చి పోవాల్సినవాళ్లమే అని నోటిదాకా వచ్చింది.

ఈ మనిషితో కాపురం కష్టం. ఇలా కాని మనిషితో అయితే ఇంకా కష్టం.

24 డిసెంబర్

ఫోన్ వచ్చింది. ముసలామే పిలిపించిందట.

పాత వైరు కొసకు ఎనిమిది తీగల కొత్త వైరు కట్టి, అవతలి నుంచి పాతదాన్ని మెల్లగా లాగాడట. పాతది బయటికి వస్తుంటే దాని వెనకే కొత్తది లోపలికి పోయింది. ఒక్క మలుపు దగ్గర పట్టేసింది. అక్కడ మాత్రం అరచేయంత గోడ కొట్టి, తనే పూడ్చి, తనే రంగు వేశాడు. ముసలామె కుర్చీ వేసుకుని అంతా చూసిందట. గహ్వా కాఫీ పోసిందట. తన ఫోన్లో ఈయన నంబరు సేవ్ చేయించుకుందట.

ఆరు చాలు కదా, ఎనిమిది ఎందుకు అని అడిగాను. రేపు మిషన్ మారిస్తే వచ్చేవానికి పనికొస్తాయి, నా తిప్పలు వానికెందుకు అన్నాడు. మాకే రేపు ఎక్కడో తెలియదు, ఈయన ఆ వచ్చేవాడి గురించి ఆలోచిస్తున్నాడు.

28 డిసెంబర్

అబూ తుర్కీ చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడట. ఆయన కంపెనీలో ఇద్దరు సౌదీలు మానేశారు. కోటా తగ్గి నితాఖత్‌లో గ్రీన్ నుంచి ఎల్లోకి దిగింది. ఎల్లోలో ఉన్నవాళ్లు బయటివాళ్లను ట్రాన్స్‌ఫర్ మీద తీసుకోకూడదు. నీ మీద కోపంతో ఆ వారం రిక్వెస్ట్ పెట్టలేదు, పెట్టి ఉంటే అయిపోయేది అని ఆయనే అన్నాడట.

ఏడ్చాను. గమ్మున ఉండి ఉంటే ఇక్కడే ఉండేవాళ్లం కదా అన్నాను.

ఉండేవాళ్లం అన్నాడు.

అంతే. సమర్థించుకోలేదు, నీతులు చెప్పలేదు. పాప యూనిఫాం ఇస్త్రీ చేస్తూ కూర్చున్నాడు. ఇంత మంచి మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఈ మాట ఆయన చదవలేడు కాబట్టి రాస్తున్నాను.

14 జనవరి 2018

మా కుక్కర్ కింది ఫ్లాట్ మెహరున్నిసాకు ఇచ్చాను. రేపు ఫ్లైట్.

22 జనవరి, ప్రొద్దుటూరు, పొద్దున ఎనిమిది

అక్కడ ఐదున్నర. ముసలామె నుంచి వాయిస్ మెసేజ్. ఆయన విని నవ్వాడు, మళ్లీ విన్నాడు. ఏమంటోందని అడిగాను. గదిలో మరీ ఉక్కగా ఉంది, తగ్గించడం ఎట్లా అంటోందట.

కింది బాణం నొక్కమ్మా అని అరబీలో చెబుతున్నాడు.