కుజుడి మీద శివారు

ఏమండీ, నేను చెబుతుంటే కోడలు సుభద్ర రాస్తోంది. మీరు కాలువ తూముల దగ్గర లస్కరుగా ఉన్న రోజుల్లో, కుజుడి మీద కూడా కాలువలున్నాయని ఎవరో చెబితే నమ్మి ఊరంతా చాటారు. "అయితే అక్కడ లస్కరు పని ఖాళీ ఉందేమో, వెళ్ళండి" అని నేను ఎగతాళి చేసేదాన్ని. సరిగ్గా మీ తద్దినం నాడే పేపర్లో ఆ సంగతి పడింది.

"అత్తయ్యా, ఏదో యంత్రం కుజుడి దగ్గరికెళ్ళి ఫొటోలు తీసిందంట. కాలువల్లేవు, అన్నీ గుంటలేనంట. మావయ్యగారు ఓడిపోయారు" అంది సుభద్ర.

నాకు ఒళ్ళు మండింది. "మొత్తం తీసిందా?"

"లేదు, సన్నటి పట్టీ మేర తీసిందంట."

"మరి శివారు చూసిందా?"

సుభద్ర నవ్వింది గానీ, కాలువ చివరనున్న మన కోడూరు పొలాల్ని ఏ ఆఫీసరు చూశాడు? జీపు ఆగినచోటి వరకే చూసి పటం గీసుకుపోయేవాళ్ళు. ఇక్కడ నీళ్ళు అందడం లేదని మీరెంత మొత్తుకున్నా, వాళ్ళ పటంలో కాలువ నిండుగానే పారేది.

అందుకే నేనొప్పుకోను. మిగతాది కూడా చూసి రమ్మనండి. అందాకా మీ కాలువలు అక్కడ ఉన్నట్టే. లస్కరు పని మాత్రం ఖాళీ లేదు. అందులో ఎవరు చేరారో నాకు తెలుసు.