నూట నలభై దగ్గర ఒక శిఖరం

జూలై 4

నిర్ణయం తీసుకున్నాను. నవంబరు ఆఖరులోగా నా మొదటి పరిశోధన పేపరు ఏదో ఒక జర్నల్లో అచ్చు కావాలి. ఇదివరకటి నిర్ణయాలన్నీ పెన్సిలుతో రాశాను. ఇది పెన్నుతో రాస్తున్నాను.

కారణాలు: పేపరు అచ్చు కానిదే థీసిస్ తీసుకోరు. నవంబరు ముప్ఫైన మా గైడు మాస్టారు రిటైరవుతున్నారు. ఆయన ఆఖరి శిష్యురాలిని నేను. నాతో చేరినవాళ్లంతా డాక్టర్లయి వెళ్లిపోయారు. నేను ఇదే కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ఆరేళ్లుగా ఆయన గదిలో టీ తాగుతున్నాను. ఇంకో కారణం నా వయసు. అది రాయను.

విషయం సిద్ధంగా ఉంది. నీళ్ల పంపులో ఇరుసు తిరగడానికి ఆసరాగా ఉండే బేరింగు అరిగిపోతే పంపు మూలపడుతుంది. అంతదాకా రాకముందే, అది వణికే తీరును బట్టి పసిగట్టవచ్చని నా వాదన. కొత్త బేరింగుల కొలతలు వేసవి సెలవుల్లో తీశాను. అరిగిన వాటివి కాలేజీ తెరిచాక తీశాను. గ్రాఫు గీస్తే కొత్త వాటికి గీత చదునుగా ఉంది. అరిగిన ప్రతి బేరింగుకూ నూట నలభై దగ్గర, అంటే సెకనుకు నూట నలభై సార్లు వణికే చోట, నిటారుగా ఒక శిఖరం!

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారు. "ఇది రాయమ్మా" అన్నారు.

రాస్తాను. పేపరు ఎనిమిది పేజీలు. రోజుకు ఒక పేజీ. వచ్చే వారానికల్లా అయిపోతుంది. ఇంత తేలికైన లెక్క ఆరేళ్లుగా ఎందుకు తట్టలేదో.

జూలై 5

ఉదయం: బల్ల సర్దాను. 

మధ్యాహ్నం: ఫైలుకు 'పేపరు ఫైనల్' అని పేరు పెట్టాను. 

సాయంత్రం: మొదటి వాక్యం. 'నీరు మానవ జీవితానికి అత్యవసరం.' కొట్టేశాను. ఇది ఇంజినీరింగ్ పేపరు, నాలుగో తరగతి వ్యాసం కాదు.

జూలై 12

ఎనిమిది పేజీలు పూర్తి కావలసిన రోజు. ఉన్నవి పేజీన్నర. అందులో అర పేజీ కృతజ్ఞతలు. మాస్టారికి, మా ఆయనకు, మా అమ్మాయికి, ల్యాబులో పంపుకు నీళ్లు పట్టే కుర్రవాడికి. అచ్చుకాని పేపరుకు ఇంతమందికి రుణపడ్డది నేనొక్కదాన్నే అయి ఉంటాను.

తప్పు నాది కాదు. ఇంటర్నల్ పరీక్షల పేపర్లు దిద్దాలి. అమ్మాయికి జలుబు. కుర్చీ కిర్రుమంటోంది.

జూలై 30

కుర్చీ మార్చాను. ఇప్పుడది కిర్రుమనడం లేదు. రాయకపోవడానికి వేరే కారణం వెతుక్కోవాలి.

ఫైలు పేరు ఇప్పుడు 'పేపరు ఫైనల్ కొత్తది అసలైనది'.

ఆగస్టు 16

పంపించేశాను!

పంపే ముందు మా అమ్మాయికి సారాంశం చూపించాను. తొమ్మిదో తరగతి. రెండుసార్లు చదివి, ఒక్క వాక్యంలోనూ ఊపిరి తీసుకునే చోటు లేదంది. పరిశోధన అంటే అలాగే ఉంటుందని చెప్పాను. గది తలుపు వేసుకుని నాలుగు వాక్యాలు విరగ్గొట్టాను.

మా ఆయన దంతవైద్యుడు. మొన్నటి నుంచి క్లినిక్కులో ఒకటే డప్పు. కుర్చీలో కూర్చున్నవాళ్ల నోరు తెరిపించి, దీపం వేసి, "మా ఆవిడ పరిశోధన చేస్తోందండీ" అని మొదలుపెడతాడట. పాపం వాళ్లు ఎదురు ప్రశ్న వేయలేరు.

ఆగస్టు 20

తిరిగొచ్చింది. నాలుగే రోజులు. మా ఇంటికి వచ్చే పార్సిల్ కూడా ఇంత తొందరగా రాదు.

'మీ కృషి అభినందనీయం' అని మొదలుపెట్టారు. ఆ మాటతో మొదలైన ఉత్తరం ఎలా ముగుస్తుందో నాకు తెలుసు. నా విద్యార్థులకు నేనూ అలాగే రాస్తాను.

ఆగస్టు 29

పేపరు ముట్టలేదు. ముట్టకపోవడం కూడా పరిశోధనలో భాగమే. మనసు తేరుకోవాలి కదా. తేరుకునేందుకు చేసినవి: అల్మారా సర్దడం, జుట్టు కత్తిరించుకోవడం, జుట్టు ఎందుకు కత్తిరించుకున్నానా అని బాధపడటం.

మా వరండాలో మూడు గదుల అవతల ఉండే సహోద్యోగి పలకరించాడు. నూరు పేపర్లు దాటించాడు కనక అందరం ఆయన్ని శతపత్రం అంటాం. మొదట్లో వెనకాల అనేవాళ్లం. ఆయనకు నచ్చిందని తెలిశాక ఎదుటే అంటున్నాం. నేను పేపర్ని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకు కూర్చున్నానని ఆయన బాధ. పేపర్లంటే ఉతికిన బట్టలట. చేతికొచ్చింది చేతికొచ్చినట్టు ఆరేసుకుంటూ పోవాలట.

ఆయనో జర్నల్ పేరు కూడా చెప్పాడు. దానికి కాకుండా, మాస్టారు చెప్పిన ఇంకో జర్నల్‌కు పంపాను. గ్రాఫు మార్చలేదు. ఆ శిఖరం ఒక్కటే నాకున్న ఆస్తి.

అక్టోబరు 14

'స్వల్ప సవరణలతో అచ్చుకు అంగీకరిస్తున్నాం.'

మూడుసార్లు చదివాను. మా ఆయన చేత చదివించాను. అమ్మాయి చేత పైకి చదివించాను. ముగ్గురికీ ఒకే అర్థం వచ్చింది.

జర్నల్ తరఫున పేపరు చదివిన పరిశీలకులు ఇద్దరు. మొదటాయన శిఖరం స్పష్టంగా ఉందని మెచ్చుకున్నాడు. రెండో ఆయన ఇంకొక్క అరిగిన బేరింగు కొలత చేర్చమన్నాడు. అంతే. నవంబరు సంచికలో వేస్తారట.

మాస్టారికి ఫోను చేశాను. ప్రిన్సిపాల్‌కు తనే చెబుతానన్నారు. మధ్యాహ్నానికి కాలేజీ అంతా చెప్పేశారు. శతపత్రం వచ్చి చేయి కలిపి, మిగిలినవి తొంభై తొమ్మిదే కదా అన్నాడు.

కాలు నేల మీద ఆనడం లేదు. రాత పుస్తకం వెనక అట్ట మీద పేరుకు ముందు 'డా.' పెట్టి సంతకం చేసి చూశాను. ఏడుసార్లు. ఐదోది బాగుంది.

అక్టోబరు 18

పొద్దున్నే ల్యాబుకు వెళ్లాను. బాగా అరిగిన బేరింగు ఒకటి ఏరి, పంపులో బిగించి, సెన్సర్ అంటించి, కొలత తీశాను.

శిఖరం లేదు.

సెన్సర్ సరిగా అంటలేదేమోనని మళ్లీ అంటించాను. లేదు. తీగ మార్చాను. లేదు. బేరింగు విప్పి చూశాను. చేత్తో తడిమితేనే గరుకుగా తగులుతోంది, అంతగా అరిగింది. గీత మాత్రం సెలవుల్లోలాగే చదునుగా ఉంది.

సెలవుల్లోలాగే. ఆ మాట నాలో నేను అనుకుని అక్కడే ఆగిపోయాను.

వరండాలోకి వచ్చాను. పక్క గది కెమిస్ట్రీ ల్యాబ్. రంగులు వేస్తున్నారు. సామాను అంతా బయట ఉంది. వాసనలు బయటికి పోవడానికి గోడలో పెట్టిన పెద్ద ఫ్యాను ఆగి ఉంది. ఆ గోడకు ఇవతల నా బల్ల. కదలకుండా ఉండాలని నేనే దగ్గరుండి గోడకు బిగింపజేశాను.

రంగులు వేసేవాళ్లను ఒక్క ఐదు నిమిషాలు ఫ్యాను వేయమని అడిగాను. వేశారు. గదిలోకి పరుగెత్తాను. శిఖరం వచ్చేసింది. నా పంపు ఆపేశాను. పంపు ఆగింది, శిఖరం నిలబడే ఉంది. నిటారుగా, స్పష్టంగా, మొదటి పరిశీలకుడు మెచ్చుకున్నట్టే.

ఫ్యానుకు ఆరు రెక్కలు. దాని మోటారు మీద రాసిన లెక్కన సెకనుకు ఇరవై మూడున్నర తిరుగుళ్లు. గుణించాను. నూట నలభై ఒకటి.

అంటే ఇదీ సంగతి. కొత్త బేరింగులు కొలిచింది సెలవుల్లో, కెమిస్ట్రీ ల్యాబు మూసి ఉన్నప్పుడు. అరిగినవి కొలిచింది కాలేజీ తెరిచాక, ఫ్యాను తిరుగుతున్నప్పుడు. ఆరేళ్ల శ్రమకు నేను కనిపెట్టింది బేరింగు అరుగుదల కాదు. కాలేజీకి సెలవో కాదో చెప్పే యంత్రం. గేటు దగ్గర నోటీసు బోర్డు ఆ పని ఎప్పటి నుంచో చేస్తోంది.

పంపు ఆపి ఒక్కసారి కొలవాలి. మొదటి సంవత్సరం పిల్లలకు నేనే చెప్పే పాఠం అది. నేను మాత్రం కొలవలేదు.

అక్టోబరు 19

తలనొప్పి అని సెలవు పెట్టాను. నిజంగానే వచ్చింది.

శతపత్రం ఫోను చేస్తే నోరు జారి చెప్పేశాను. ఆయన కంగారుపడలేదు. ముందు తీసిన కొలతలు నేను కల్పించినవి కావు కదా అన్నాడు. ఒక్క కొత్త కొలత కుదరలేదంతే, ఏదో సాకు చెప్పి అది చేర్చకుండా పంపేయమన్నాడు. ఎవరికీ నష్టం లేదట. నవంబరు సంచిక, మాస్టారి రిటైర్మెంటు, నా థీసిస్, అన్నీ ఒక్కొక్కటే గుర్తు చేశాడు. ఆయన చెప్పకపోయినా అవి నాకు గుర్తున్నాయి.

కూర్చుని ఎడిటర్‌కు జవాబు రాశాను. 'స్థలాభావం వల్ల అదనపు కొలతలు చేర్చలేకపోతున్నాం.' ఆరేళ్లలో నేను రాసిన వాటిలో ఇంత సాఫీగా వచ్చిన వాక్యం ఇంకొకటి లేదు. కొట్టివేతలు లేవు. ఊపిరి తీసుకునే చోటు కూడా ఉంది.

పంపలేదు. పంపనూ లేదు, చెరపనూ లేదు.

అక్టోబరు 20

పేపరు మొదటి నుంచి చదివాను. చివరి పేరాలో నేనే రాశాను: ఆస్పత్రులు, ఎత్తయిన భవనాలు ఈ పద్ధతిని నిశ్చింతగా వాడుకోవచ్చు.

'నిశ్చింతగా' అనే మాట కోసం ఆ రోజు అరగంట వెతికాను. ఎక్కడో ఒక ఇంజినీరు దీన్ని చదివి, నమ్మి, ఆస్పత్రి పంపుకు సెన్సర్ అంటిస్తాడు. బేరింగు నలిగిపోతున్నా గీత చదునుగానే ఉంటుంది. పై అంతస్తుకు నీళ్లు ఆగిపోయేదాకా అతను నిశ్చింతగా ఉంటాడు.

మా ఆయనకు చెప్పాను. చాలాసేపు విన్నాడు. మామూలుగా ఎదుటివాళ్లను మాట్లాడనివ్వడం ఆయనకు అలవాటు లేదు. చివరికి, "రేపు మాస్టారి దగ్గరికి నేను కూడా రానా?" అన్నాడు. వద్దన్నాను. 

అక్టోబరు 21

మాస్టారి గదిలో సగం పుస్తకాలు అప్పటికే అట్టపెట్టెల్లోకి వెళ్లిపోయాయి. రెండు గ్రాఫులు బల్ల మీద పెట్టాను. ఒకటి పంపు తిరుగుతూ ఫ్యాను ఆగినప్పటిది, ఒకటి పంపు ఆగి ఫ్యాను తిరిగినప్పటిది. నిలబడే అంతా చెప్పాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

కళ్లజోడు తుడుచుకోలేదు ఈసారి. రెండు గ్రాఫులనూ దగ్గరికి లాక్కుని చూశారు. కాలేజీ అంతా చెప్పుకున్న మనిషి. ఆయన మొహం చూడటానికి నాకు మొహం చెల్లలేదు.

"ఎడిటర్‌కి రాశావా?" 

"ఇంకా లేదండీ." 

"రాసేయ్. కింద నా పేరు కూడా పెట్టు."

తప్పు నాది, మీ పేరెందుకండీ అన్నాను.

"పేపరు మీద నా పేరుందిగా అమ్మా. వెనక్కి తీసుకునే ఉత్తరంలో లేకపోతే ఎలా? నేనూ అడగలేదు కదా, పంపు ఆపి చూశావా అని."

ఉత్తరం ఇద్దరం కలిసి రాశాం. ఐదు వాక్యాలు. రెండు పేర్లు. పంపించెయ్ అని ఆయనే అన్నారు. మీట నేను నొక్కాను. తర్వాత టీ తెప్పించారు. తాగుతుంటే ఏడుపొచ్చింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, తన టీ పూర్తయినా కప్పు చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన, ఇప్పుడు ఆ నోళ్లన్నీ మళ్లీ తెరిపించి చెప్పాలా అన్నాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి నవ్వాను.

నవంబరు 30

మాస్టారి వీడ్కోలు సభ. డాక్టర్లయిన పాత శిష్యులంతా వచ్చారు. నేను ఆఖరి వరసలో, తలుపు పక్కన, పారిపోవడానికి వీలున్న చోట కూర్చున్నాను.

ఆయన ఒక్కొక్క శిష్యుడి పేరు చెప్పి, వాళ్లు చేసిన పని చెప్పారు. నా వంతు వచ్చేసరికి తలుపు వంక చూశాను. "ఈమె పంపు మీద రాస్తున్న పేపరు ఇంకా రాలేదు. వస్తే చదువుతాను. ఇప్పుడు నాకు తీరికేగా" అని కూర్చున్నారు.

నిర్ణయం ఇవాళ్టితో గడువు దాటింది. అచ్చయిన పేపర్లు: సున్నా.

డిసెంబరు 5

కొత్త గైడును కేటాయించారు. నోటీసు చదివి, సరిగా చదివానా అని మళ్లీ చదివాను. శతపత్రం!

ఆయన గదికి వెళ్లాను. వారానికో పేపరు ఆరేయమంటాడేమోనని దారిలోనే జవాబులు సిద్ధం చేసుకున్నాను. నేను లోపలికి అడుగుపెట్టగానే ఆయన లేచి తలుపు వేశాడు. కూర్చోమన్నాడు. బల్ల మీద ఆయన అచ్చయిన పేపర్ల కట్ట. కొన్నింట్లో కాగితం ముక్కలు గుర్తు పెట్టి ఉన్నాయి. మనిషి నిద్రపోయినట్టు లేదు.

"మేడమ్, ఒకటి అడగాలి. ఎవరితోనూ అనకండి." 

"చెప్పండి." 

"ఆ యంత్రం ఆపి తీసే కొలత... మీరెలా తీశారు?"

ఏం తీసుకోవాలో, ఎన్నిసార్లు తీయాలో చెప్పాను. ఒక్కొక్కటీ రాసుకున్నాడు. ఎన్ని పేపర్లకు చేయాలని అడిగితే, కట్టలో పై నుంచి మొదలుపెడతానన్నాడు. రేపు ఆయన ల్యాబులో ఇద్దరం కలిసి మొదటిది తీస్తున్నాం. ఎల్లుండి నాది. బల్ల గోడ నుంచి విప్పించి గది మధ్యకు జరిపించాను. కొత్తది ఒకటి, అరిగినది ఒకటి, ఒకే రోజు, పక్కపక్కనే కొలుస్తాను.

కనక కొత్త నిర్ణయం: వచ్చే జూలైలోగా నా మొదటి పరిశోధన పేపరు అచ్చు కావాలి. రోజుకు అర పేజీ. పెన్నుతోనే రాస్తున్నాను.

ఈ రోజు రాసింది: శీర్షిక. అది కూడా మారుస్తానేమో.